టోక్యోలో మొదటి వసంతం: పాపతో పాడుకునే జపాన్ పిల్లల పాటలు, తెలుగు నోటికి అందేలా

అమ్మా, మీ ప్రశ్న చదివాను. నాలుగేళ్ల పాప ఏప్రిల్ మొదట్లో నిషికసాయ్‌లో హొయికుఎన్‌లో, అంటే పసిపిల్లల బడిలో చేరబోతోంది. ఇంట్లో ఎవరికీ జపనీస్ రాదు. పాప బెరుకుపడకుండా అక్కడ పాడే వసంతకాలపు పాటలు ముందే కొన్ని నేర్పాలనుకుంటున్నారు. మీ అత్తగారు వచ్చి ఉన్నారు, ఆవిడకి కాస్త సంగీతం వచ్చు, ఆవిడచేత కూడా పాడించాలని ఉంది. ఉగాది వేడుకలో పిల్లలచేత ఒక జపాన్ పాట పాడిస్తే బాగుంటుందా అని కూడా అడిగారు. తప్పకుండా బాగుంటుంది. అన్నిటికీ వరసగా చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను ఈ దేశం వచ్చి 19 ఏళ్లయింది. అందులో 13 ఏళ్లు హొయికుఎన్‌లోనే గడిచాయి. మొదట సహాయకురాలిగా చేరాను, తర్వాత పరీక్ష రాసి టీచరునయ్యాను. పిల్లలకి పాటలు నేర్పడమే నా రోజువారీ పని.

ముందు మూడు పాటలు చాలు: "హరు గ కిత", "చ్యోచ్యో", "చ్యూరిప్పు". అవి నోటికొచ్చాక "హరు నొ ఒగవ". మిగతావి బడే నేర్పుతుంది. అయితే పాటల్లోకి వెళ్లేముందు ఎలా రాసుకోవాలి, ఎప్పుడు పాడాలి అన్న రెండు సంగతులు తేల్చుకోవాలి. ఈ రెండూ సరిగ్గా ఉంటే పాటలు వాటంతటవే వస్తాయి.

మీ ప్రశ్నలో "హారు గా కీటా" అని రాశారు. రోమన్ అక్షరాల్లో చూసి రాశారని అర్థమైంది. అక్కడే వస్తుంది చిక్కంతా. రోమన్‌లో టి అక్షరం కనపడగానే మన నోరు ట అంటుంది. జపాన్‌వాళ్లది నాలుక పళ్లకి ఆనించి పలికే త. దీర్ఘం ఉందో లేదో రోమన్‌లో తెలియదు కాబట్టి మనకి తోచిన చోటల్లా సాగదీస్తాం. అసలు పాట "హరు గ కిత". హ, రు, గ, కి, త, అయిదూ లఘువులే, ఎక్కడా దీర్ఘం లేదు. వసంతం వచ్చింది అని అర్థం.

అందుకే రోమన్ కాగితం పక్కన పెట్టేయండి. తెలుగు లిపిలో రాసుకోండి. ఇది భాష మీద ప్రేమకొద్దీ అంటున్న మాట కాదు, 13 ఏళ్ల పనిలో చూసి చెప్తున్నాను. జపనీస్‌లో ఎ, ఏ వేరు, ఒ, ఓ వేరు. హిందీ లిపిలో ఈ తేడా చూపడం కష్టం, మనకి అక్షరాలే ఉన్నాయి. వాళ్ల మాటలు చాలావరకు మనలాగే అచ్చుతో ముగుస్తాయి. అచ్చు లేకుండా మాట చివర నిలబడే హల్లు వాళ్లకి ఒక్కటే, అది అచ్చం మన సున్నాలా ప్రవర్తిస్తుంది: "గంగ"లో ఒకలా, "పంపు"లో ఒకలా మన సున్నా పలికినట్టే, వాళ్లదీ పక్క అక్షరాన్నిబట్టి మారుతుంది. షికారుని "సంపొ" అంటారు, రాసింది రాసినట్టు చదవండి, సరిపోతుంది.

చ సంగతి ఇంకా ముచ్చటైనది. జపనీస్‌లో ఒక అక్షరం ఉంది, రోమన్‌లో టి, ఎస్, యు కలిపి రాస్తారు. ఇంగ్లీషు చదువుకున్నవాళ్లు దాన్ని "ట్సు" అని అవస్థపడుతూ పలుకుతారు. మీరు "చుక్క" అనండి. ఆ మొదటి అక్షరమే అది. పాత పుస్తకాల్లో చ మీద చిన్న గుర్తు పెట్టి చూపించే ఆ దంత్య చకారం మన నాలుక మీద పుట్టుకతోనే ఉంది. దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది: సీతాకోకచిలకని వాళ్లు అనే మాటలో "చిలక"లో ఉండే చ కావాలి. "చోచో" అని రాస్తే మనం "చొక్కా"లోలాగా చదివేస్తాం. అందుకని "చ్యోచ్యో" అని రాసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మాత్ర. జపాన్ పిల్లల పాటల్లో ఒక్కో మాత్రకి సాధారణంగా ఒక్కో స్వరం పడుతుంది. వాళ్లు మాత్రలు లెక్కపెట్టే పద్ధతి మన ఛందస్సు లెక్కకి దగ్గర. "గక్కో" అంటే బడి. మన లెక్కలో రెండు గురువులు, నాలుగు మాత్రలు. వాళ్ల లెక్కలోనూ నాలుగే. "చ్యూరిప్పు" మనకి గురువు, గురువు, లఘువు, మొత్తం అయిదు. వాళ్లకీ అయిదే. మీ అత్తగారు పద్యాలు చదువుకున్నవారైతే ఈ ఒక్క ముక్క చెప్పండి చాలు, తాళం తప్పకుండా పాడేస్తారు.

ఇక ఎప్పుడు పాడాలన్నది. ఇది నాకు తప్పు చేశాక తెలిసింది. పనిలో చేరిన మొదటి ఏడు, కొత్తగా "ఉరెషీ హినమచురి" అనే పాట నేర్చుకున్నాను. మార్చి 3న ఆడపిల్లల కోసం చేసే బొమ్మల పండగ పాట అది. ఎర్రగుడ్డ పరిచిన మెట్ల మీద రాజు, రాణి, చెలికత్తెలు, వాయిద్యగాళ్ల బొమ్మలు పెడతారు, అచ్చంగా మన బొమ్మల కొలువే. నేర్చుకున్న ఉత్సాహంలో మార్చి పదో తారీఖున పిల్లలని కూర్చోబెట్టి అదే పాట అందుకున్నాను. పెద్ద టీచరుగారు వచ్చి నా చెయ్యి మీద మెల్లగా చెయ్యి వేసి "అది అయిపోయిందమ్మా" అన్నారు. పండగ దాటాక బొమ్మలు వెంటనే సర్దేయాలి, లేకపోతే పిల్లకి పెళ్లి ఆలస్యమవుతుందని ఇక్కడ నమ్మకం. బొమ్మలతో పాటు పాటని కూడా పెట్టెలో పెట్టేస్తారు. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఆలోచించాను. సంక్రాంతి వెళ్లాక మనం గొబ్బి పాట పాడతామా? ఉగాదినాడు బతుకమ్మ పాట ఎత్తుకుంటామా? నాకు తెలిసిన సంగతే, ఊరు మారేసరికి మర్చిపోయాను.

కాబట్టి మీరు ఒకేసారి పది పాటలు నేర్పకండి. ఏ వారం కిటికీలోంచి ఏది కనపడితే ఆ పాట పాడండి.

ఇప్పుడు పాటలు.

"హరు గ కిత" 1910లో ప్రాథమిక బడుల కోసం ప్రభుత్వం అచ్చువేసిన పాటల పుస్తకంలోది. రాసింది తకనొ తచుయుకి, స్వరపరిచింది ఒకనొ తెయిచి. ఆ కాలంలో బడి పాటల మీద రచయితల పేర్లు వేసేవారు కాదు, వీళ్ల పేర్లు చాలా ఏళ్ల తర్వాతే పిల్లలకి తెలిశాయి. మొదటి చరణం ఇది:

హరు గ కిత, హరు గ కిత, దొకొ ని కిత?
యమ ని కిత, సతొ ని కిత, నొ ని మొ కిత.

వసంతం వచ్చింది, వసంతం వచ్చింది, ఎక్కడికొచ్చింది? కొండకొచ్చింది, పల్లెకొచ్చింది, పొలాల్లోకీ వచ్చింది. అంతే పాట. "యమ" అంటే కొండ, మీ అత్తగారికి ముందే చెప్పండి. రెండో చరణంలో "కిత" బదులు "సకు", పూస్తుంది. మూడో చరణంలో "నకు", కూస్తుంది. పువ్వు ఎక్కడ పూస్తుంది, పిట్ట ఎక్కడ కూస్తుంది అని అడిగి, అదే కొండ, అదే పల్లె, అదే పొలం అని జవాబు. మూడు చరణాలకి కలిపి, విభక్తులు వదిలేస్తే, మాటలు పదే. అడగడం, చెప్పడం ఉంది కాబట్టి ఇద్దరు పంచుకుని పాడొచ్చు. పాప "దొకొ ని కిత" అని అడగాలి, నాయనమ్మ చేత్తో కొండ చూపిస్తూ చెప్పాలి. "దొకొ" అంటే ఎక్కడ. పాప బడిలో మొదటివారం అడగాల్సిన మాట కూడా అదే: నా సంచీ దొకొ, బాత్రూమ్ దొకొ, అమ్మ దొకొ.

"చ్యోచ్యో" మీకు తెలియకుండానే మీకు తెలిసిన వరస. జర్మనీ జానపద బాణీ. కీబోర్డో వయొలినో నేర్చుకున్న పిల్లలు మన దగ్గర "లైట్లీ రో" అని వాయిస్తారే, అదే. ఇసవ షూజి అనే విద్యాధికారి 1870ల్లో అమెరికాలో మసాచుసెట్స్‌కి వెళ్లి చదువుకుని, అక్కడి సంగీతం మాస్టారు లూథర్ వైటింగ్ మేసన్‌ని 1880లో టోక్యోకి రప్పించాడు. 1881లో బడుల కోసం తెచ్చిన మొదటి పాటల పుస్తకంలోకి ఈ బాణీ అలా వచ్చింది. మాటలు మాత్రం ఇక్కడివే. నొముర అకితరి అనే ఆయన ఐచి ప్రాంతంలో పిల్లలు పాడుకునే పాట ఆధారంగా రాశాడు.

సీతాకోకా సీతాకోకా, ఆవ ఆకు మీద వాలు, ఆకు మొహం మొత్తితే సకుర, అంటే చెర్రీ పువ్వు మీద వాలు అని మొదలవుతుంది. ఆవ ఆకుని పాటలో "ననొహ" అంటారు, అందులో "హ" అంటే ఆకు. పువ్వు ఉండగా ఆకు మీద ఎందుకు వాలమన్నారు అని నాకు చాలాకాలం సందేహం ఉండేది. ఒక ఏప్రిల్లో పిల్లలతో బడి తోటలో కూర్చుని చూశాక తీరింది. ఇక్కడి తెల్ల సీతాకోకలు గుడ్లు పెట్టేది ఆవ, క్యాబేజీ జాతి ఆకుల మీదే. పాట కట్టిన పిల్లలు కళ్లతో చూసి కట్టారు. ఇంకొక సంగతి: మొదట్లో ఈ పాటలో చక్రవర్తి ఏలుబడి వర్ధిల్లుతోందన్న పాదం ఉండేది. యుద్ధం అయ్యాక 1947లో దాన్ని తీసి "హన కర హన ఎ", పువ్వు నుంచి పువ్వుకి, అని మార్చారు. ఇప్పుడు పిల్లలు పాడేది అదే.

"చ్యూరిప్పు" 1932 నాటిది. ఎరుపు, తెలుపు, పసుపు తులిప్‌లు వరసగా నిలబడ్డాయి, ఏ పువ్వు చూసినా బాగుంది అని నాలుగు ముక్కల పాట. పేరులో ట లేదు, ల లేదు, జాగ్రత్త. ఇంగ్లీషు మాట తెలిసిన మన పిల్లలు ఇక్కడే తప్పుతారు. ఈ పాట రాసింది కొందో మియకొ అనే ఆవిడ. పేరు లేకుండా అచ్చయిన పాట కావడంతో, రాసింది ఆవిడేనని కోర్టు తేల్చేసరికి 1993 వచ్చింది. అప్పటికి అరవై ఏళ్లుగా దేశంలో పిల్లలందరూ పాడుతూనే ఉన్నారు. పాటలో మూడు రంగుల పేర్లు వస్తాయి, "అక", "షిరొ", "కీరొ". పాప బట్టలు మడతపెట్టేటప్పుడు ఆ మూడూ పట్టుకుని పాడండి. నేర్పుతున్నట్టే తెలియదు.

మా అమ్మ తెనాలి నుంచి వచ్చి మా ఇంట్లో మూణ్ణెల్లు ఉంది. ఒకరోజు నేను వంటింట్లో ఈ పాట కూనిరాగం తీస్తుంటే, కూర తరుగుతున్న కత్తిపీట ఆపి "ఇది మోహన కదే" అంది. అవును, మోహనే. జపాన్‌వాళ్లు ఈ వరసని "యొననుకి" అంటారు. "యొ" అంటే నాలుగు, "న" అంటే ఏడు, "నుకి" అంటే తీసేయడం. నాలుగో స్వరం, ఏడో స్వరం తీసేస్తే ఏం మిగులుతాయి? సరిగపద. మనవాళ్లు మధ్యమం, నిషాదం వర్జ్యం అన్నది వాళ్లు నాలుగూ ఏడూ వద్దన్నారు, అంతే తేడా. మోహన వర్ణం వచ్చినవాళ్లకి ఈ దేశపు పిల్లల పాటల్లో చాలావాటికి తలుపు తెరిచే ఉన్నట్టు. మీ అత్తగారికి ఒక్క మాట మాత్రం చెప్పండి: గమకాలు వేయొద్దు. స్వరం మీద నేరుగా నిలబడాలి. గాంధారాన్ని కాస్త ఊపినా పాప బడిలో విన్న పాటకీ దీనికీ పొంతన కుదరదు. మా అమ్మకి అది అలవాటు కావడానికి వారం పట్టింది.

ఇప్పుడు నాకు ప్రాణమైన పాట, "హరు నొ ఒగవ". వసంతకాలపు సెలయేరు. తకనొ, ఒకనొ ఇద్దరిదే, 1912లోది. ఇదీ పూర్తిగా మోహన వరసే. మొదటి పాదం స్వరాల్లో చెప్పాలంటే గపదప, గపసస, దదపగ, సరిగా. మధ్యలో వచ్చే స స తారస్థాయిలోవి.

హరు నొ ఒగవ వ సరసర ఇకు యొ.

ఇందులో "సరసర" అన్న మాట నేను తెలుగులోకి మార్చి రాసింది కాదు, జపనీస్‌లోనే "సరసర". మనకి ఏరు గలగల పారుతుంది, పాము సరసర పాకుతుంది. వాళ్లకి ఏరే సరసర వెళ్తుంది. అడ్డూ ఆపూ లేకుండా, ఒరుసుకుంటూ జారిపోయే చప్పుడు అది. రెండు భాషల్లోనూ ఒకే చప్పుడికి దగ్గరగా ఒకే మాట పుట్టడం చూసి మొదటిసారి నాకు ఒళ్లు పులకరించింది. పాపకి అర్థం చెప్పాల్సిన పనే లేదు. ఏటి గట్టున వయొలెట్ పువ్వులు, రెంగె అనే చిన్న పొలం పువ్వులు ఉంటాయి. ఏరు వాటి పక్కనుంచి పోతూ పూయండి పూయండి అని గుసగుసలాడుతుంది.

1912లో ఈ పాదం "సరసర నగరు" అని గ్రాంథికంలో ఉండేది. 1942లో దీన్ని కింది తరగతి పుస్తకంలోకి తెచ్చినప్పుడు, ఆ ఈడు పిల్లలకి గ్రాంథికం రాదు కాబట్టి హయషి ర్యూహ అనే కవి వాడుక భాషలోకి మార్చాడు. "నగరు" పోయి "ఇకు యొ" వచ్చింది. అప్పుడే "పూయండి పూయండి" అన్నది "పూశారు కదూ" అయింది. అది బాగోలేదని 1947లో మళ్లీ "పూయండి పూయండి" తెచ్చారు. గిడుగువారి వ్యావహారిక భాషోద్యమం గురించి విని పెరిగిన మనకి ఈ మార్పుల వెనక ఉన్న బాధ, పట్టుదల రెండూ అర్థమవుతాయి. గ్రాంథికంలో ఉన్నదే అందమని ఇప్పటికీ అనే పెద్దవాళ్లు ఇక్కడ ఉన్నారు. నేను మాత్రం "ఇకు యొ" వైపే. నాలుగేళ్ల పిల్ల ఏటిని చూసి తన మాటల్లో పాడగలగాలి.

ఆ ఏరు ఎక్కడుందని అడుగుతారేమో. షిబుయలో, యొయొగి దగ్గర పారిన కోహొనెగవ అనే చిన్న వాగుని చూసి రాశారని చెప్తారు, తకనొ అప్పుడు ఆ దగ్గరలోనే ఉండేవారు. 1964 ఒలింపిక్స్ నాటికి ఆ వాగుని భూమి కిందకి పంపి మీద దారి వేసేశారు. యొయొగిహచిమన్ స్టేషన్ దగ్గర, ఒదక్యూ రైలు పట్టాల పక్కనే సన్నటి సందులో పాట పేరుతో ఒక రాయి నిలబెట్టి ఉంది. మా అమ్మాయికి అయిదేళ్లప్పుడు మార్చి నెలలో తీసుకెళ్లాను. ఏరు చూపిస్తానని తీసుకెళ్లి రాయి చూపించానని మొహం ముడుచుకుంది. రైలు వెళ్లిపోయాక కాసేపు నిశ్శబ్దం వచ్చింది. అప్పుడు దారి మధ్యలో ఉన్న ఇనప మూత మీద వంగి చెవి ఆనించి, చేత్తో నన్ను మాట్లాడొద్దని సైగ చేసి, చాలాసేపటికి "సరసర అంటోందమ్మా" అంది. నేనూ వంగి విన్నాను. మీరు కూడా ఒక ఆదివారం వెళ్లండి. నిషికసాయ్ నుంచి గంటలోపు ప్రయాణం.

ఇక్కడినుంచి కాస్త గబగబా చెప్తాను.

మీకు చిన్న బాబు కూడా ఉన్నాడన్నారు, నడక నేరుస్తున్నాడు. వాడికి "హరు యొ కొయి", వసంతమా రా. 1923 నాటి పాట. మంచు మేటలు వేసే నీగత ప్రాంతంలోని ఇతొయిగవ ఊరివాడు సోమ గ్యొఫూ రాశాడు, స్వరం హిరొత ర్యూతరోది. అప్పుడే అడుగులు నేర్చిన మీచన్ అనే పిల్ల ఎర్ర పట్టీల చెప్పులు వేసుకుని, బయటకి వెళ్లాలని, వసంతం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తోంది. రెండో చరణంలో ఇంటి ముందు పీచు చెట్టు మొగ్గలన్నీ ఉబ్బి, త్వరగా విచ్చుకోవాలని అవీ ఎదురుచూస్తున్నాయి. ఇందులో రెండు మాటలు నిఘంటువు భాష కావు, పసిపిల్లల మాటలు. చెప్పులని "జొజొ" అంటుంది, బయటని "ఒమ్మొ" అంటుంది. మనం అన్నాన్ని బువ్వ అన్నట్టు. "జోజో" అని మనం నిద్రపుచ్చే మాటకి దగ్గరగా వాళ్లది బయటకి తీసుకెళ్లే మాట, బాబు తికమకపడితే పడనివ్వండి. ఫిబ్రవరి చివర, చలి ఇంకా వదలని ఈ రోజులే ఈ పాటకి సరైన రోజులు. ఇవాళే మొదలుపెట్టొచ్చు.

ఆటతో కలిసిన పాట కావాలంటే "హిరైత హిరైత". ఎవరు రాశారో తెలియని పాత పిల్లల పాట. విచ్చుకుంది విచ్చుకుంది, ఏ పువ్వు విచ్చుకుంది, రెంగె పువ్వు విచ్చుకుంది, విచ్చుకుందనుకునేలోపు ఎప్పుడో ముడుచుకుపోయింది. అందరూ చేతులు పట్టుకుని వలయంగా తిరుగుతారు. "చుబొంద", ముడుచుకుంది, అన్నప్పుడు అందరూ మధ్యకి వచ్చి ఒకరినొకరు ఆనుకుని కూర్చుంటారు. రెండో చరణం ముడుచుకోవడంతో మొదలై విచ్చుకోవడంతో ముగుస్తుంది, అప్పుడు లేచి వెనక్కి వెనక్కి జరిగి చేతులు సాగేదాకా వలయం పెద్దది చేస్తారు. "చుబొంద"లో చు, చుక్కలో చు. కొత్త పిల్ల చెయ్యి అడగకుండానే ఎవరో ఒకరు పట్టుకోవాల్సిన ఆట ఇది. భాష రాని పిల్లని నా తరగతిలోకి తీసుకున్న ప్రతిసారీ మొదటిరోజు ఇదే ఆడించాను. ఇంట్లో నలుగురు చాలు ఆడటానికి.

"మెదక నొ గక్కో", అంటే చిట్టి చేపల బడి, ఏప్రిల్‌లో తప్పకుండా వినిపిస్తుంది. మెదక అంటే వరిపొలాల కాలవల్లో తిరిగే చిటికెన వేలంత కూడా లేని చేప. యుద్ధం ముగిసిన రోజుల్లో చకి షిగెరు అనే రచయిత కొడుకుతో కలిసి ఒదవర అనే ఊళ్లో తిండి సామాను కోసం వెళ్తూ కాలవ దగ్గర ఆగాడు. పిల్లాడు గట్టిగా అరిచేసరికి చేపలన్నీ మాయమయ్యాయి. నువ్వు అరిచావు, ఇక రావులే అన్నాడు తండ్రి. వస్తాయి నాన్నా, ఇది మెదకల బడి కదా అన్నాడు కొడుకు. ఆ మాటే పాట అయింది, నకద యొషినవొ స్వరపరిచాడు, 1951లో రేడియోలో వచ్చింది. పాటలో మెల్లగా తొంగిచూడమని ఉంటుంది, అక్కడ గొంతు తగ్గించి పాడాలి. ఆ మెదక 1999లో ప్రభుత్వం వేసిన అంతరించిపోతున్న జీవుల జాబితాలోకి ఎక్కింది. చాలా బడుల్లో గాజుతొట్టెలో మెదకలు పెంచుతారు. మీ పాప బడిలో ఉన్నాయేమో చూడమనండి.

"సకుర సకుర" గురించి ప్రత్యేకంగా అడిగారు. ఇది ఎదొ కాలం (1603-1868) నాటి పాట, కొతొ అనే తీగల వాద్యానిది. 1888లో టోక్యో సంగీత పాఠశాల వేసిన కొతొ పాటల పుస్తకంలో అచ్చయింది. పిల్లలు పాడతారు, కానీ పైన చెప్పినవాటిలా కాదు. స్వరాలు వేరు: శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం. హిందుస్తానీలో గుణకళి, మన దగ్గర "కర్ణాటక శుద్ధ సావేరి" అనే రాగం (మామూలు శుద్ధ సావేరి కాదు), వాటి స్వరాలే. మీ అత్తగారు షడ్జం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడొచ్చు, పాట ముగిసే స్వరాన్ని షడ్జంగా పెట్టుకోమనండి, సర్దుకుంటుంది. నెమ్మదిగా, బరువుగా నడుస్తుంది. మాటల్లో రెండు పాఠాలు ఉన్నాయి. "యయొయి నొ సొర" అని వచ్చేది పాతది, "నొయమ మొ సతొ మొ" అని వచ్చేది 1941లో బడి పుస్తకానికి మార్చింది. బడిలో ఏది పాడుతున్నారో విని అదే పాడండి. నాలుగేళ్ల పిల్లకి ఇది తొందర. ఆవిడ పాడుతుంటే పాప వింటే చాలు, సకుర చెట్టు కింద కూర్చుని.

ఉగాది సంగతి. ఏ సందేహం లేకుండా "హరు గ కిత", వెంటనే "హరు నొ ఒగవ", రెండూ కలిపి మూడు నిమిషాల్లోపు అయిపోతాయి. చాలా ఏళ్లు టోక్యోలో ఉగాదికి సకుర పూస్తూనో, రాలుతూనో ఉంటుంది. వసంతం వచ్చిందనే పాటకి అంతకంటే మంచిరోజు ఎక్కడ దొరుకుతుంది? మూడో చరణంలో పిట్ట కూస్తుందన్నప్పుడు వాళ్లకి ఉగుయిసు అనే వసంతకాలపు పిట్ట గుర్తొస్తుంది, మనకి కోయిల. పెద్దవాళ్లలో ఒకరు ఆ చరణం తెలుగు అర్థం ముందుగా చెప్తే సభలో అందరూ కలిసి పాడతారు. హక్కుల చిక్కు కూడా లేదు. ఒకనొ 1941లో, తకనొ 1947లో పోయారు, వాళ్లు రాసిన మూలపాటలకి గడువు ఎప్పుడో తీరింది. "చ్యూరిప్పు", "మెదక నొ గక్కో"కి ఇంకా హక్కులున్నాయి. టికెట్టు పెట్టకుండా, పాడినవాళ్లకి డబ్బివ్వకుండా వేదిక మీద పాడుకోవడానికి ఇక్కడి చట్టం ఒప్పుకుంటుంది. ఎవరో చేసిన కారియోకీ ట్రాక్ వెనక పెట్టి వీడియో తీసి నెట్‌లో పెడితే మాత్రం ఆ ట్రాక్ చేసినవాళ్ల అనుమతి కావాలి. ఒక కీబోర్డు, ఒక చిన్న డోలక్కు ఉంటే ఆ బెడదే లేదు.

బడి మొదలయ్యాక ఒక పని చేయండి. చాలా హొయికుఎన్‌లలో నెలకొక పాట పెట్టుకుంటారు, "కొంగెచు నొ ఉత" అంటారు, ఈ నెల పాట. ఇక్కడ కూడా చు, చుక్కలో చు. నెల నెలా ఇంటికి పంపే కాగితంలో దాని పేరు ఉంటుంది, కొన్నిసార్లు మాటలన్నీ వేస్తారు. లేకపోతే రోజూ టీచరుకీ మీకూ మధ్య తిరిగే పుస్తకం ఉంటుంది కదా, అందులో ఈ నెల పాట ఏమిటో చెప్పమని రాయండి. ఇంతమంది పిల్లల మధ్య ఇది అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. నా దగ్గరికి అలా రాసిన తల్లి ఒక్కరైనా ఉంటే ఆ రోజంతా నాకు సంతోషంగా ఉండేది.

ఏప్రిల్ చివరికి వీధుల్లో చేప జెండాలు లేస్తాయి, అప్పుడు మే 5 పిల్లల పండగకి "కొయినొబొరి". రెండు పాటలున్నాయి ఆ పేరుతో, చిన్నపిల్లలు పాడేది ఇంటికప్పు కంటే ఎత్తున ఎగిరే చేపల పాట, అదీ కొందో మియకొ రాసినదే. మూడు దెబ్బల నడక, తిశ్రంలో పడుతుంది. దాంతోపాటే మే 2 ప్రాంతంలో "చచుమి", తేయాకు కోసే పాట. వాళ్ల పంచాంగంలో వసంతారంభం నుంచి లెక్కపెట్టి ఎనభై ఎనిమిదో రాత్రి అది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మన చెమ్మచెక్కలాగా చేతులు తడుతూ పాడతారు. ప్రతి పాదం ముందు ఒక దెబ్బ ఖాళీగా వదిలి ఎత్తుకోవాలి, అక్కడే అందరూ తొందరపడతారు. మీరూ పాపా ఎదురెదురుగా కూర్చోండి. మొదటి దెబ్బకి సొంత చేతులు తట్టి, రెండో దెబ్బకి ఎదుటివాళ్ల చెయ్యి తడుతూ నోరు తెరవండి.

కాగితం రాగానే పాట పేరు ఇక్కడ పెట్టండి. తెలుగు లిపిలో మాత్రలతో సహా రాసిస్తాను.